చివరి రెండు నిమిషాల కోసం దాచిన కొలబద్ద: ఐస్ హాకీ కోచ్‌లు, సామగ్రి నిబంధనలు

1993 జూన్ 3. మాంట్రియల్ ఫోరంలో, ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ విజేతను తేల్చే స్టాన్లీ కప్ ఫైనల్ రెండో మ్యాచ్. మొదటి మ్యాచ్ 4-1తో గెలిచిన లాస్ ఏంజెలెస్ కింగ్స్ ఇందులోనూ 2-1తో ముందుంది. గడియారంలో 1 నిమిషం 45 సెకన్లు మిగిలాయి. ఆట ఆగిన సమయం చూసి మాంట్రియల్ కెనేడియన్స్ కోచ్ జాక్ డెమర్స్ రిఫరీ కెర్రీ ఫ్రేజర్‌ను ఒకటే అడిగాడు: కింగ్స్ డిఫెన్స్‌మన్ మార్టీ మెక్‌సార్లీ చేతిలోని కర్ర వంపు కొలవండి.

ఫ్రేజర్ కర్ర తీసుకుని పెనాల్టీ బెంచి దగ్గరికి వెళ్లి గేజ్ (వంపు కొలిచే పనిముట్టు) పెట్టాడు. అప్పటి ఎన్‌హెచ్‌ఎల్ నిబంధన ప్రకారం బ్లేడ్ (కర్ర అడుగున ఉండే చదునైన భాగం) వంపు అర అంగుళం దాటకూడదు. దాటింది. మెక్‌సార్లీకి రెండు నిమిషాల పెనాల్టీ పడింది. డెమర్స్ అక్కడితో ఆగలేదు. తన గోలీ (గోల్ కీపర్) పాట్రిక్ రువాను కూడా బెంచికి పిలిపించి ఆ స్థానంలో ఇంకో దాడి ఆటగాణ్ణి దించాడు. కింగ్స్ వైపు గోలీ కాక నలుగురు, ఇటువైపు ఆరుగురు. 32 సెకన్లకే ఎరిక్ డెజార్డెన్ గోల్ కొట్టి స్కోరు సమం చేశాడు. ఓవర్‌టైమ్ మొదలైన 51వ సెకనులో మళ్లీ అతనే కొట్టాడు. ముందు పడ్డ మాంట్రియల్ గోల్ కూడా అతనిదే. స్టాన్లీ కప్ ఫైనల్ మ్యాచ్‌లో ఒక డిఫెన్స్‌మన్ మూడు గోల్స్ చేయడం అదే మొదటిసారి. 0-2తో వెనకబడాల్సిన మాంట్రియల్ 1-1కి వచ్చి, తర్వాత మూడు మ్యాచ్‌లూ గెలిచి కప్పు ఎత్తుకుంది.

ఆ కర్ర వల్ల కింగ్స్‌కు ఆ రాత్రి ఏమైనా కలిసొచ్చిందా అన్న ప్రశ్న నిబంధన అడగదు. వంపు ఎంత అనే అడుగుతుంది. అదీ ఎవరైనా అడగమంటేనే అడుగుతుంది. సామగ్రి నిబంధనలు కోచ్ చేతిలో పాచికలుగా మారేది ఈ చివరి మాట దగ్గరే. ఒక నిబంధన అమలును ప్రత్యర్థి ఫిర్యాదుకు వదిలేస్తే, దాని విలువ తప్పు ఎంత పెద్దది అన్నదాన్ని బట్టి ఉండదు, ఫిర్యాదు ఎప్పుడు వస్తుంది అన్నదాన్ని బట్టి ఉంటుంది.

కర్రలో కొలిచేది ఏమిటి

మన దగ్గర హాకీ అంటే మైదానంలో బంతితో ఆడేది. ఇక్కడ చెబుతున్నది మంచు మీద ఆడే హాకీ. గోలీతో కలిపి జట్టుకు ఆరుగురు, 20 నిమిషాల పీరియడ్లు మూడు, 3 అంగుళాల వ్యాసం, అంగుళం మందం ఉన్న రబ్బరు పక్. చిన్న తప్పు చేసినవాడు రెండు నిమిషాలు పెట్టెలో కూర్చోవాలి, ఆ సమయమంతా అతని జట్టు ఒక మనిషి తక్కువతో ఆడాలి. ఎదుటి జట్టుకు దక్కే ఆ రెండు నిమిషాలనే పవర్ ప్లే అంటారు.

ఎన్‌హెచ్‌ఎల్‌లో మామూలు ఆటగాడి కర్ర హీల్ (కాడ బ్లేడ్‌గా మలుపు తిరిగే చోటు) నుంచి పైకొస వరకు 63 అంగుళాలు మించకూడదు. బాగా పొడవైన ఆటగాళ్లకు ముందస్తు అనుమతితో ఇంకాస్త సడలింపు ఉంది. హీల్ నుంచి బ్లేడ్ చివరి వరకు 12½ అంగుళాలు, బ్లేడ్ వెడల్పు 2 నుంచి 3 అంగుళాల మధ్య. వంపు కొలిచే పద్ధతి ఇది: హీల్ దగ్గర ఒక బిందువు నుంచి బ్లేడ్ మొనకు ఒక సరళరేఖ ఊహించుకోవాలి. ఆ రేఖ నుంచి బ్లేడ్ లోపలి ముఖం ఎక్కడ ఎక్కువ లోతుగా ఉందో అక్కడికి లంబదూరం కొలవాలి. 1970-71 నుంచి ఆ దూరం అర అంగుళానికి, అంటే 12.7 మిల్లీమీటర్లకు మించకూడదన్నారు. 2006-07 సీజన్ నుంచి ముప్పావు అంగుళం చేశారు, అంటే 19 మిల్లీమీటర్లు.

చూడ్డానికి ఇంత తేలికగా ఉన్న కొలతలో తగాదా పుట్టేది హీల్ దగ్గర. కర్ర కాడ కిందికి దిగి బ్లేడ్‌గా మలుపు తిరిగే చోటు కోణంలా ఉండదు, గుండ్రంగా ఉంటుంది. గేజ్‌ను అక్కడ కొద్దిగా పైకో కిందికో ఆనిస్తే ఊహారేఖ కదులుతుంది, దాంతో లోతు కూడా మారుతుంది. అర అంగుళం హద్దుకు మిల్లీమీటరు అటూ ఇటూ ఉన్న కర్ర ఒక చేతిలో పాసవుతుంది, ఇంకో చేతిలో పోతుంది. అందుకే అనుభవమున్న కోచ్ హద్దు మీదున్న కర్ర జోలికి పోడు. దూరం నుంచే తేడా కనిపించే కర్ర కోసం చూస్తాడు.

వంపు ఎందుకు కావాలంటే, లోతైన బ్లేడ్ పక్‌ను గిన్నెలా పట్టుకుంటుంది. విసిరేటప్పుడు పక్ బ్లేడ్ మీద దొర్లి తిరుగుడు అందుకుని, త్వరగా పైకి లేస్తుంది. గోల్ దగ్గర ఒకటి రెండు మీటర్ల ఎడంలో గోలీ భుజం మీదుగా లేపాలంటే ఇది చాలా పనికొస్తుంది. నష్టం బ్యాక్‌హ్యాండ్ వైపు: పక్ బయటికి పొంగిన ముఖం మీద నిలవదు, పాసు జారిపోతుంది. ఇప్పటి దుకాణాల్లో దొరికే పీ88, పీ92, పీ28 వంటి నమూనాల తేడా లోతు ఒక్కటే కాదు. వంపు హీల్ దగ్గర మొదలవుతుందా, మధ్యలోనా, మొన దగ్గరా, ముఖం ఆకాశం వైపు ఎంత తెరుచుకుంది అన్నది అసలు తేడా. వంపంతా మొన దగ్గరే పెట్టిన పీ28 లాంటి బ్లేడ్‌కు, అడుగు నుంచే వంగిన బ్లేడ్‌కు గేజ్ మీద ఒకే అంకె రావచ్చు. ఆటలో మాత్రం రెండూ పూర్తిగా వేరు.

నిబంధన పుట్టింది భయం నుంచి. 1960ల మొదట్లో షికాగో ఆటగాళ్లు స్టాన్ మికిటా, బాబీ హల్ వంచిన బ్లేడ్లతో కొట్టిన షాట్లు గాల్లో దారి మార్చుకునేవి. అప్పటికి చాలామంది గోలీలు మాస్కు లేకుండానే నిలబడేవారు. జాక్ ప్లాంట్ మాస్కు పెట్టుకుని ఆడటం మొదలుపెట్టింది 1959 నవంబరు 1న. ఆ అలవాటు అందరికీ పాకడానికి ఇంకా ఏళ్లు పట్టింది. కాబట్టి 1960ల చివర లీగ్ వంపుకు హద్దు పెట్టి, తర్వాత తగ్గిస్తూ అర అంగుళానికి తెచ్చింది. తర్వాత ప్రతి గోలీ ముఖానికీ మాస్కు వచ్చింది, కానీ అర అంగుళం నిబంధన మాత్రం మూడున్నర దశాబ్దాలు అలాగే నిలిచింది. భద్రత అవసరం తగ్గిన కొద్దీ ఆ నిబంధనకు మిగిలిన పని ఒక్కటే: కోచ్ జేబులో కూర్చోవడం.

లెక్క ఎలా వేస్తారు

ఎన్‌హెచ్‌ఎల్ పద్ధతిలో ఆట ఆగినప్పుడు ఫిర్యాదు రావాలి. ఒక్కో ఆగుదలకు ఒక్కో జట్టు ఒకే కర్ర కొలవమని అడగవచ్చు. కర్ర తప్పని తేలితే ఆటగాడికి రెండు నిమిషాల పెనాల్టీ, 200 డాలర్ల జరిమానా. సరైనదని తేలితే అడిగిన జట్టుకే రెండు నిమిషాల బెంచి పెనాల్టీ (జట్టు తరఫున ఎవరో ఒకరు పెట్టెలో కూర్చోవాలి), 100 డాలర్ల జరిమానా. కోట్ల జీతాల లీగ్‌లో డాలర్ల మాట పక్కన పెట్టవచ్చు, శిక్షంతా ఆ రెండు నిమిషాల్లోనే ఉంది. కర్ర ఇవ్వనన్నా, కొలవకుండా కావాలని విరగ్గొట్టినా పెనాల్టీకి తోడు 10 నిమిషాల మిస్‌కండక్ట్ పడుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి: గోల్ పడ్డాక ఆ కర్ర కొలిపించి తప్పని నిరూపించినా గోల్ రద్దు కాదు. అంటే ఈ ఫిర్యాదు జరిగిపోయిన అన్యాయాన్ని సరిదిద్దదు. ముందున్న రెండు నిమిషాలను కొనిపెడుతుంది, అంతే.

పవర్ ప్లేలో గోల్ పడే అవకాశం సుమారు ఐదింటిలో ఒకటి అనుకుందాం, ఎన్‌హెచ్‌ఎల్‌లో మామూలుగా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. స్కోరు సమంగా ఉన్న మొదటి పీరియడ్లో ఫిర్యాదు చేస్తే, నెగ్గితే వచ్చేది ఐదో వంతు గోల్, ఓడితే పోయేదీ ఐదో వంతు గోలే. కాబట్టి సగానికి మించి నమ్మకం ఉంటే తప్ప దిగకూడదు. ఒక గోల్ వెనకబడి రెండు నిమిషాలే మిగిలినప్పుడు తూకం మారిపోతుంది. ఇంకో గోల్ తిన్నా ఓటమి ఓటమే, ఒక్క గోలుకు ఓడినా రెండిటికి ఓడినా పట్టికలో తేడా లేదు. గోల్ కొడితే మాత్రం మ్యాచ్ మళ్లీ బతుకుతుంది. అక్కడ నమ్మకం సగం కంటే తక్కువున్నా అడగడం లాభమే. అదే ఒక గోల్ ముందున్న కోచ్‌కు ఎంత నమ్మకమున్నా అడగడం అనవసరపు సాహసం.

దీనికి మరో రెండు లెక్కలు తోడవుతాయి. 1:45 మిగిలినప్పుడు పడ్డ రెండు నిమిషాల పెనాల్టీ మ్యాచ్ ముగిసే వరకూ తీరదు, ఎదుటివాళ్లకు ఐదో మనిషి తిరిగి రాడు. గోలీని కూడా తీసేస్తే ఆరుగురికి నలుగురు. నాలుగు మూలలూ కాపలా కాసే నలుగురి మధ్య ఎప్పుడూ ఒకరిద్దరు ఖాళీగా దొరుకుతారు. రెండోది, ఈ రహస్యం ఒక్కసారికే పనికొస్తుంది. మొదటి పీరియడ్లో ఒకరి కర్ర కొలిపిస్తే, తర్వాతి ఆగుదలకల్లా ఎదుటి బెంచి మొత్తం కర్రలు మార్చేసుకుంటుంది. అందుకే తప్పు కర్ర సంగతి మొదటి నిమిషంలోనే తెలిసినా కోచ్ నోరు మెదపడు. సామగ్రి నిబంధనలో ఉన్న లోటు ఇదే: తప్పు చూసినవాడికి దాన్ని ఆపడం కంటే దాచుకోవడంలోనే ఎక్కువ లాభం ఉంటుంది.

పసిగట్టడం ఎక్కువగా అసిస్టెంట్ కోచ్, ఎక్విప్‌మెంట్ మేనేజర్ల పని. వార్మప్‌లో ఏ ఆటగాడి పక్ దగ్గరి నుంచి కూడా అడ్డబారు దాటి లేస్తోంది, ఎవరు బ్యాక్‌హ్యాండ్ పాసు తప్పించుకుని ఒళ్లంతా తిప్పి ఫోర్‌హ్యాండ్‌కే తెచ్చుకుంటున్నారు, ఫేస్ ఆఫ్‌కు (ఆట మళ్లీ మొదలుపెట్టేటప్పుడు పక్ కోసం ఇద్దరి పోటీ) వంగినప్పుడు బ్లేడ్ మంచు మీద ఎలా ఆనుతోంది, ఇవన్నీ గుర్తులు. ఒక్క గుర్తు చాలదు. మూడు నాలుగు కలిస్తే ఆ నంబరు కాగితం మీద రాసుకుంటారు. 1993 ఫైనల్లో మాంట్రియల్ వాళ్లు కింగ్స్ కర్రలు ముందే చాటుగా కొలిచారన్న ఆరోపణ తర్వాత చాలా ఏళ్లు నడిచింది. డెమర్స్ దాన్ని ఒప్పుకోలేదు. చూసి పసిగట్టడం వేరు, ఎదుటివాళ్ల కర్రల స్టాండు మీద చెయ్యి వెయ్యడం వేరు. మొదటిది ఆట, రెండోది ఆట కాదు. ఈ గీత దగ్గర కోచ్‌లు మెత్తబడకూడదు.

ఫిర్యాదు బెడిసికొట్టే దారులూ ఉన్నాయి. అనుమానించిన ఆటగాడు ఆ సమయానికి మంచు మీద ఉండాలి, అదే కర్ర అతని చేతిలో ఉండాలి. మూడో పీరియడ్ చివర్లో మామూలు కర్రకు మారిపోవడం వంపు మీద మోజున్న ఆటగాళ్లకు పాత అలవాటు: యాభై నిమిషాలు లోతైన కర్ర, చివరి పది నిమిషాలు నిబంధన కర్ర. మొదటి పీరియడ్లో రాసుకున్న నంబరును నమ్మి చివర్లో అడిగితే చేతికొచ్చేది బెంచి పెనాల్టీయే. కాబట్టి అసలు చూడాల్సింది చివరి షిఫ్టులో (ఆటగాడు మంచు మీద ఉండే విడత) బ్లేడ్‌ను. తెల్ల టేపు వేసిన కర్ర నల్ల టేపుకు మారిందా అన్నంత చిన్న సంగతే మ్యాచ్‌ను నిర్ణయిస్తుంది. అలాగే ఎదుటి జట్టుకు అప్పటికే ఒక పెనాల్టీ నడుస్తుండగా అడగడం మంచిదా, అయ్యాక అడగడం మంచిదా అన్నది ముందే అనుకోవాలి. రెండు పెనాల్టీలు ఒకదానిమీద ఒకటి పడితే ఐదుగురికి ముగ్గురు, అది చాలా పెద్ద లాభం. ఓడితే ఉన్న పవర్ ప్లే కాస్తా చెల్లిపోతుంది.

పుస్తకంలో లేని మాటతో ఆడినవాడు

నిబంధన పట్టుకుని ఎదుటివాణ్ణి దొరకబుచ్చుకోవడం ఒక పద్ధతి. నిబంధనలో లేని మాటను వెతికి తాను వాడుకోవడం ఇంకో పద్ధతి. రెండో దానికి పెద్దపేరు రాజర్ నీల్సన్. 1966 నుంచి పదేళ్లు కెనడా జూనియర్ జట్టు పీటర్‌బరో పీట్స్‌కు కోచ్‌గా ఉన్నాడు, తర్వాత ఎన్‌హెచ్‌ఎల్‌లో చాలా జట్లు నడిపాడు, 2002లో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు.

పెనాల్టీ షాట్‌కు (ఒక ఆటగాడు ఒంటరిగా వచ్చి గోలీ మీద కొట్టే షాట్) గోలీయే నిలబడాలని అప్పటి నిబంధనల పుస్తకంలో లేదు. నీల్సన్ గోలీని పక్కన పెట్టి రాన్ స్టాక్‌హౌస్ అనే డిఫెన్స్‌మన్‌ను నిలబెట్టాడు. షాట్ తీసుకునేవాడు నీలి గీత (బ్లూ లైన్) దాటగానే అతను దూసుకెళ్లి పక్ లాక్కునేవాడు. చివరికి గోలీ ఉండి తీరాలని పుస్తకంలో రాయాల్సొచ్చింది. సామగ్రి విషయంలో అతని ఎత్తు ఇంకా సూటిగా ఉంటుంది. చివర్లో గోలీని తీసి ఆరో ఆటగాణ్ణి దించేటప్పుడు, కర్రను గోల్ గీత మీద అడ్డంగా పడుకోబెట్టి రమ్మన్నాడు. గోలీ కర్ర బ్లేడ్ మామూలు కర్ర కంటే వెడల్పు, కాడ కింది భాగం కూడా వెడల్పే. మంచు మీద దొర్లుకుంటూ వచ్చే పక్‌ను అడ్డుకోవడానికి అది చాలు. ఇప్పుడు పుస్తకం స్పష్టంగా చెబుతుంది: గోలీ వెళ్తూ కావాలని కర్రనో మరో సామాన్నో గోల్ ముందు వదిలి, అది లోపలికి పోయే పక్‌ను ఆపితే, గోల్ ఇచ్చేస్తారు.

నీల్సన్ చేసింది మోసమా అంటే నా తీర్పు కాదనే. అతను ఎవరి కళ్లూ కప్పలేదు, అందరి ముందూ చేశాడు, లోటు అందరికీ కనిపించింది, మరుసటి పుస్తకంలో పూడ్చారు. నిబంధనలకు ఇలాంటి చదువరి ఒకడు అవసరం. లోతైన కర్ర పట్టుకుని చివరి పది నిమిషాల్లో దాచేసే ఆటగాడితో అతణ్ణి ఒకే గాట కట్టకూడదు.

కాలేజీకి వచ్చేసరికి

మిన్నెసోటా, మిషిగన్, నార్త్ డకోటా, బోస్టన్, డెన్వర్. ఈ విశ్వవిద్యాలయాల్లో ఎంఎస్ చేయడానికి వెళ్లిన మన పిల్లలు శుక్రవారం సాయంత్రం క్యాంపస్ అంతా ఒకే రంగు జెర్సీల్లో నడిచి వెళ్లే చోటు చూసే ఉంటారు. అమెరికా కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ మొదటి డివిజన్‌లో అరవైకి పైగా పురుషుల జట్లున్నాయి. సీజన్‌లో ఎన్‌హెచ్‌ఎల్‌కు ఎనభైకి పైగా మ్యాచ్‌లు, కాలేజీకి అందులో సగం కూడా ఉండవు. చివరికి 16 జట్లే జాతీయ టోర్నీకి వెళ్తాయి. ఒక్కో ఫలితం విలువ ఎక్కువ కాబట్టి, ఒక్కో రెండు నిమిషాల విలువా ఎక్కువే.

పుస్తకం కూడా వేరు. ఎన్‌సీఏఏ నిబంధనల్ని సాధారణంగా రెండేళ్లకోసారి తిరగరాస్తారు. అంకెల్లో చాలా వరకు ఎన్‌హెచ్‌ఎల్‌తో కలుస్తాయి గానీ, ఫిర్యాదు పద్ధతి, ఓడితే వచ్చే శిక్ష, ఎవరు అడగాలి అన్నవి సొంతంగా ఉంటాయి. అంతర్జాతీయ సమాఖ్య పుస్తకం చాలాకాలం వంపును 1.5 సెంటీమీటర్లు అంది, ఎన్‌హెచ్‌ఎల్ అంగుళాల్లో ఇంకో అంకె అంది. టీవీలో చూసిన నిబంధనను కాలేజీ మంచు మీద అడిగితే తన జట్టుకే పెనాల్టీ తెచ్చిపెట్టినట్టు. కొత్త పుస్తకం వచ్చిన ఆగస్టులో సామగ్రి అధ్యాయం మొదటి పేజీ నుంచి చదవని స్టాఫ్ ఆ ఏడాదంతా ఊహ మీద బతుకుతుంది.

కాలేజీ ఆటకు ఉన్న అసలు ప్రత్యేకత వారాంతం. చాలా సిరీస్‌లు శుక్ర, శనివారాల్లో అదే ప్రత్యర్థితో, ఎక్కువగా అదే రింకులో (మంచు మైదానంలో) జరుగుతాయి. ప్రొఫెషనల్ లీగ్‌లో కర్ర కొలిపించి గెలిచిన జట్టు ఆ ప్రత్యర్థిని మళ్లీ చూడటానికి నెలలు పట్టవచ్చు. కాలేజీలో 24 గంటలు కూడా పట్టదు. శుక్రవారం రాత్రి వాళ్ల కర్ర కొలిపిస్తే శనివారం మొదటి ఆగుదలలోనే మన కర్ర మీద గేజ్ పడుతుంది. మన బెంచిలో ఒక్క తప్పు కర్ర ఉన్నా నిన్నటి లాభం వడ్డీతో సహా పోతుంది. కాబట్టి అడిగే ముందు వేయాల్సిన ప్రశ్న ఎదుటివాడి కర్ర గురించి కాదు, మన ఇరవై మంది కర్రలూ శుభ్రంగా ఉన్నాయా అన్నది. శుక్రవారం ఓడినా ఫరవాలేదనుకుని పాచికను శనివారం చివరి రెండు నిమిషాలకు దాచుకునే కోచ్‌లు ఉండటానికి కారణం ఇదే. శనివారం తర్వాత బదులు తీర్చుకోవడానికి ఆదివారం లేదు.

కాలేజీ, అంతకు కింది స్థాయి జట్లలో కర్ర కంటే చిన్న సామానుతోనూ ఆట నడుస్తుంది. అమెరికా ఐస్ హాకీ సమాఖ్య యూఎస్‌ఏ హాకీ నిబంధనల్లో మౌత్‌గార్డ్ (పళ్లకు పెట్టుకునే రక్షణ తొడుగు) లేకుండా ఆడితే మొదటిసారి జట్టుకు హెచ్చరిక, ఆ తర్వాత దొరికిన ఆటగాడికి 10 నిమిషాల మిస్‌కండక్ట్. మిస్‌కండక్ట్‌లో జట్టు సంఖ్య తగ్గదు, ఇంకొకరు దిగుతారు. పోయేది ఆ మనిషి. తెలివైన కోచ్ మొదటి పీరియడ్లోనే ఎవరో ఒక నాలుగో లైను కుర్రాడి మౌత్‌గార్డ్ వేలాడుతోందని రిఫరీ చెవిన వేస్తాడు. హెచ్చరిక అప్పుడే ఖర్చైపోతుంది. ఇక ఆ జట్టు ప్రధాన ఆటగాడు అలవాటుగా దాన్ని నములుతూ బయటికి లాగిన మొదటి క్షణంలోనే పది నిమిషాలు పెట్టెలో కూర్చుంటాడు. దీనికి విరుగుడు ఉంది: హెచ్చరిక వచ్చిన మరుక్షణం అసిస్టెంట్ కోచ్ బెంచి పొడవునా నడిచి ప్రతి ఒక్కరి నోరూ చూడాలి. చాలామంది ఆ పని మరిచిపోతారు.

కాలాన్ని కొనే సామాను

కర్ర తర్వాత కోచ్‌లు ఎక్కువగా ఆధారపడేది గోలీ సామాను మీద. పక్‌ను సగం రింకు అవతలి నుంచి చివరి దాకా ఊరికే కొట్టేస్తే దాన్ని ఐసింగ్ అంటారు. ఎన్‌హెచ్‌ఎల్‌లో 2005-06 నుంచి ఐసింగ్ చేసిన జట్టు ఆటగాళ్లను మార్చుకోలేదు, 2017-18 నుంచి అప్పుడు టైమ్ ఔట్ కూడా తీసుకోలేదు. టైమ్ ఔట్ అసలే మ్యాచ్‌కు ఒక్కటి. నిమిషంన్నర పరుగెత్తి ఊపిరాడని ఐదుగురు అలాగే నిలబడాలి. అలాంటప్పుడు ఒక్కోసారి గోలీ ప్యాడ్ పట్టీ ఊడుతుంది, లేదా స్కేట్ బ్లేడ్ వదులవుతుంది.

నిజంగా ఊడేవీ ఉంటాయి. పోస్టుకు తగిలి గోలీ స్కేట్ బ్లేడ్ హోల్డర్‌లోంచి బయటికి రావడం మామూలే, బ్లేడ్ లేకుండా గోలీ పక్కకు నెట్టుకోలేడు. పుస్తకం మాత్రం గోలీ సామాను సరిచేసుకోవడానికి ఆట ఆపకూడదంటుంది. సరిచేయాల్సొస్తే బయటికి వెళ్లాలి, రెండో గోలీ రావాలి. రిఫరీలు ఆచరణలో కొన్ని సెకన్లు ఇస్తారు. ఆ కొన్ని సెకన్లే కోచ్‌కు కావాల్సినవి. రిఫరీ ఒకసారి ఊరుకుంటాడు, రెండోసారి గోలీ బెంచి వైపు చెయ్యి ఎత్తితే ఆలస్యం చేసినందుకు పెనాల్టీ చూపిస్తాడు. మాస్కు కావాలని ఊడదీస్తే ఎవరూ ఊరుకోరు: అది నేరుగా పెనాల్టీ, ఒంటరిగా దూసుకొస్తున్నవాడి ముందు తీస్తే పెనాల్టీ షాటే.

విరిగిన కర్రదీ ఇలాంటి కథే, కాకపోతే ఇక్కడ లాభం సన్నద్ధతలో ఉంది. ఆటగాడు విరిగిన కర్రను వెంటనే వదిలేయాలి, గోలీ మాత్రం విరిగినదానితో కొనసాగవచ్చు. కొత్త కర్రను బెంచి నుంచి చేతికి అందించాలి, మంచు మీదికి విసిరితే పెనాల్టీ. రెండో పీరియడ్లో జట్లు వైపులు మారతాయి కాబట్టి డిఫెన్స్ చేసే చోటు బెంచికి దూరమవుతుంది. అప్పుడు కర్ర విరిగిన డిఫెన్స్‌మన్‌కు ముందు లైను ఆటగాడు తన కర్ర ఇచ్చేసి తాను బెంచికి పరుగెత్తడం సరైన పద్ధతి. మంచి ఎక్విప్‌మెంట్ మేనేజర్ ఆ ఆటగాడు ఏ చేతివాటమో చూసుకుని, కర్రను పైకొస ముందుకు వచ్చేలా బోర్డు మీదుగా చాచి పెట్టి ఉంటాడు. పరుగెత్తుతూనే అందుకోవచ్చు, ఆగి తిప్పుకునే పని ఉండదు.

ఎవరు కొలవాలి

2025 ఐపీఎల్ చూసినవాళ్లకు అంపైర్ జేబులోంచి ప్లాస్టిక్ గేజ్ తీసి బ్యాట్‌ను అందులోంచి దూర్చి చూడటం గుర్తుండే ఉంటుంది. వెడల్పు 108 మిల్లీమీటర్లు, మందం 67, అంచు 40. ఒక మ్యాచ్‌లో కోల్‌కతా జట్టు బ్యాట్లు రెండు ఆ గేజ్‌లో పట్టలేదు. వేరే బ్యాట్ తెచ్చుకోమన్నారు, ఆట సాగింది. ఎదుటి కెప్టెన్ అడగలేదు, అడిగి ఉంటే పోయేదీ లేదు, వచ్చేదీ లేదు. మైదానం హాకీలోనూ కర్ర వంపుకు 25 మిల్లీమీటర్ల హద్దుంది, 51 మిల్లీమీటర్ల రింగులోంచి దూరాలన్న లెక్క ఉంది. అక్కడా కొలత పాచిక కాలేదు, ఎందుకంటే అది ప్రత్యర్థి చేతికి ఇచ్చిన బహుమతి కాదు.

ఎన్‌హెచ్‌ఎల్ గోలీ ప్యాడ్ల విషయంలో ఈ దారికే వచ్చింది. 2005-06లో వెడల్పు 12 నుంచి 11 అంగుళాలకు తగ్గించాక, తర్వాతి ఏళ్లలో ప్యాంట్లు, ఛాతీ కవచాలు కుదించాక, కొలిచే బాధ్యత లీగ్ తన చేతిలోనే పెట్టుకుంది. కర్ర వంపును ముప్పావు అంగుళానికి సడలించాక వంపు ఫిర్యాదులు దాదాపు కనుమరుగయ్యాయి. ఆటగాళ్లు కోరుకునే వంపులు హద్దు లోపలికి వచ్చేశాయి, పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. కాలేజీ హాకీలో కూడా కర్రలన్నిటినీ మ్యాచ్‌కు ముందు అధికారులే కొలిచి చిన్న స్టిక్కర్ వేస్తే, ఫిర్యాదు నిబంధనను పూర్తిగా ఎత్తేయవచ్చని నా గట్టి అభిప్రాయం. జట్టుకు ఇరవై మంది, ఒక్కొక్కరికి రెండు మూడు కర్రలు, ఒక్కో కర్రకు పది సెకన్లు. రెండు జట్లకూ కలిపి ఇరవై నిమిషాల పని.

అది వచ్చేదాకా కాలేజీ జట్టుకు పనికొచ్చే అలవాటు శుక్రవారం మధ్యాహ్నం డ్రెస్సింగ్ రూమ్‌లో మొదలవుతుంది. ఎక్విప్‌మెంట్ మేనేజర్ కర్రలన్నీ బల్ల మీద వరసగా పేర్చి, అధికారులు వాడే రకం గేజ్‌తో పొడవు, వెడల్పు చూస్తాడు, పుస్తకం వంపుకు హద్దు పెట్టి ఉంటే వంపు కూడా చూస్తాడు. హద్దుకు మిల్లీమీటరు లోపున్నదాన్ని కూడా తీసి పక్కన పెడతాడు, ఎందుకంటే రిఫరీ హీల్ ఎక్కడ పట్టుకుంటాడో అతని చేతిలో లేదు. మిగిలిన ప్రతి కర్ర పైకొస మీద, టేపు కింద, చిన్న చుక్క పెడతాడు. బెంచి వెనక స్టాండులో చుక్క లేని కర్ర ఉండకూడదు.